నెత్తళ్ళు పిల్ల చేపలు కావు

సూర్యావతి భిలాయికి కోడలిగా వచ్చిన మూడో రోజే వంటింట్లో నెత్తళ్ళు వేయించింది. అది ఎనభై నాలుగో సంవత్సరం. పుట్టింటి నుంచి తెచ్చుకున్న గుడ్డసంచిలో ఎండబెట్టిన నెత్తళ్ళున్నాయి. మూకుట్లో నూనె కాగి ఆ వేలెడంత చేపలు చిటపటలాడేసరికి, ఆ బ్లాకులో ఉన్న పన్నెండు క్వార్టర్లలో సగం కిటికీలు టపటపా మూసుకున్నాయి. అత్తగారు పరుగున వచ్చింది.

"ఓలమ్మా, ఇక్కడ ఈ వాసన పనికిరాదే. అందరి మద్దినా బతకాల మనం."

పంతొమ్మిదేళ్ళ కొత్తకోడలు పొయ్యి ఆర్పలేదు. "ఆళ్ళింట్లో వెల్లుల్లి వాసన నాకు పనికొస్తందేటి అత్తా? నాను కిటికీ మూసినానా?" అని అడిగి, మిగతావి కూడా వేయించేసి నలుగురికీ వడ్డించింది. ఉక్కు ప్లాంటులో పనిచేసే మామగారు మారు మాట్లాడకుండా తిని, ఇంకో నాలుగు వెయ్యమన్నాడు.

మనిషి పొట్టి. నిలబడితే భర్త సింహాద్రి భుజానికి కూడా అందదు. సంతలో ఆవిడ పక్కనే కూర్చునేవాళ్ళు చెప్పే మాట ఒకటుంది: సూర్యావతి గొంతు ముందు వస్తుంది, మనిషి తరవాత కనిపిస్తుంది అని. నేను ఆవిడ దగ్గర పదేళ్ళుగా చేపలు కొంటున్నాను. నేను చూసింది కొంత, ఆవిడ నోట విన్నది కొంత, ఇక్కడ రాస్తున్నాను.

భీమిలికి పైన సముద్రం ఒడ్డునున్న పల్లె ఆవిడది. తండ్రి తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. బడి లేని ఆ పిల్లకి నెత్తళ్ళే ఓనమాలు. నీళ్ళలో ఉన్నప్పుడు ఆ చేప గాజులా ఉంటుందనీ, పక్కన వెండి జరీలాంటి గీత మాత్రమే తళుక్కుమంటుందనీ, వేలకు వేలు ఒక్క మనిషిలా అటూ ఇటూ తిరుగుతాయనీ ఆవిడ చెబుతుంటే వినాలి. నోరు తెరుచుకుని ఈదుతాయట. కంటికి కనిపించని పురుగూ నలుసూ నీళ్ళతోపాటు లోపలికి పోతే, నీళ్ళు మొప్పల్లోంచి బయటికి పోయి తిండి లోపల మిగులుతుందట. "సంద్రాన్ని జల్లెడ పట్టీసి తింటాది. మరి దాన్ని సూర తింటాది, వంజరం తింటాది, పిట్ట తింటాది, మనం తింటాం. అందరికీ అదే కూడు," అంటుంది.

తండ్రి గాలానికి నెత్తళ్ళే గుచ్చేవాడు. కళ్ళ దగ్గర గుచ్చితే నీళ్ళలో బతికున్నట్టే ఆడుతుందనీ, పొట్ట దగ్గర గుచ్చితే రెండు కెరటాలకే చిరిగిపోతుందనీ కూతురికి చూపించాడు. దూరంగా పిట్టలు మూగి నీళ్ళ మీద పడుతున్నాయంటే కింద నెత్తళ్ళున్నట్టు, వాటి కింద సూరలున్నట్టు. తెప్పలన్నీ అటే తిరిగేవి.

సింహాద్రికి ప్లాంటులో ఉద్యోగం రాలేదు. జాముల్‌లో కాంట్రాక్టు పనికి పోయేవాడు. మామగారు రిటైరవగానే క్వార్టరు ఖాళీ చేసి క్యాంపు అనే బస్తీలో రెండు గదుల ఇంటికి మారారు. ఏడాదిలో పని ఉన్న నెలలు కొన్ని, లేని నెలలు కొన్ని. అలా పని లేని ఒక వేసవిలో సూర్యావతి తమ్ముడికి కబురు పెట్టింది. విశాఖపట్నం నుంచి వచ్చే రైల్లో ఒక బస్తా నెత్తళ్ళు దుర్గ్ స్టేషనులో దిగాయి. మర్నాడు ఆవిడ సంతలో గోనెపట్టా పరిచింది.

"మన ఇంట్లో ఆడోళ్ళు సంతలో కూకోరు," అంది అత్తగారు.

"మీ ఇంట్లో కూకోరేమో. మా అమ్మ తట్ట నెత్తినెట్టుకుని ఏడు ఊళ్ళు తిరిగింది. నాను ఒక్కకాడే కూకుంతాను కదా," అంది సూర్యావతి.

మొదట్లో శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళే కొన్నారు. తరవాత ఒడియా వాళ్ళు. ఆ తరవాత చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు. ఎండుచేపని వాళ్ళు సుక్సీ అంటారు, వంకాయతో కలిపి వండుకుంటారు. కానీ వాళ్ళకి చెరువు చేప అలవాటు. ఈ వెండిపుల్లల్ని చూసి తల తుంచాలా వద్దా అని తికమకపడేవాళ్ళు. సూర్యావతి గోరుతో తల గిల్లి, వేడినీళ్ళలో వేసి, రెండు చేతుల మధ్య రుద్ది ఇసుక పోగొట్టి చూపించేది. బాలింతలకి ఎముకతో సహా వేయించి పొడి కొట్టి అన్నంలో కలపమనేది. విరిగిపోయిన ముక్కలు కోళ్ళు పెంచేవాళ్ళకి వేరే సంచిలో పెట్టేది. సంచి అడుగున మిగిలిన పొట్టుని కూడా పారెయ్యదు. నిమ్మచెట్టు మొదట్లో గొయ్యి తీసి కప్పెట్టమని ఎవరికో ఒకరికి ఇచ్చేస్తుంది.

దగ్గర్లోని ఉతై ఊరి నుంచి ఆకుకూరలు తెచ్చి అమ్మే బేబీ ఆవిడ పక్కనే కూర్చునేది. ఇరవయ్యేళ్ళ సావాసం. బేబీకి తెలుగు రాదు, సూర్యావతికి ఛత్తీస్‌గఢీ సగమే వచ్చు. అయినా ఇద్దరూ రోజంతా మాట్లాడుకునేవారు.

సంత వెనక ఖాళీ స్థలంలో ఆరేళ్ళ కిందట కొత్త కాలనీ లేచింది. దాని కమిటీకి అధ్యక్షుడు భుజంగరావు. ప్లాంటులో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి, విజయనగరం వాడు. బాగా చదువుకున్నవాడు, మాటకి కట్టుబడేవాడు, రోజూ పొద్దున్న కర్ర పట్టుకుని నడిచేవాడు. ఆయన బాల్కనీ సరిగ్గా ఎండుచేపల వరస మీదికి ఉంది. వాసన గురించి రెండుసార్లు అర్జీ పెట్టాడు. రెండుసార్లూ అధికారులు వచ్చి, సంత కాలనీకన్నా ముందునుంచీ ఉందని చెప్పి వెళ్ళిపోయారు.

మూడోసారి ఆయన రాసింది వాసన గురించి కాదు. ఎక్కడో చదివాడట. పిల్లచేపల్ని పట్టేయడం వల్ల సముద్రాలు గొడ్డుపోతున్నాయనీ, వాటిని అమ్మడం, కొనడం మానకపోతే మన మనవలకి చేపే ఉండదనీ. ఆ మాట నిజమే. బాల్కనీలోంచి చూస్తే సూర్యావతి పట్టా మీద వేలెడంత చేపలు గుట్టగా కనిపించాయి. పిల్లచేపల్ని బస్తాలకొద్దీ అమ్ముతున్నారని అర్జీ రాశాడు. కావాలని అబద్ధం రాయలేదు. అవి పిల్లచేపలేనని నమ్మాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం, పదిగంటల వేళ, మత్స్యశాఖ తనిఖీ జీపు వచ్చింది. దిగిన అధికారి చిన్న వయసువాడు, మర్యాదస్తుడే. గుప్పెడు నెత్తళ్ళు తీసి అరచేతిలో పరిచి చూశాడు. ఇక్కడి చెరువుల్లో వేలెడంత చేప అంటే రోహూ పిల్లో కట్లా పిల్లో అయి ఉంటుంది, చెరువులో వదలడానికి విత్తనంగా వాడేది. ఆయన చదువులో చూసింది అదే.

"ఇవి పిల్లలు. అమ్మకూడదు. బస్తాలు తీసుకెళ్తున్నాం," అన్నాడు హిందీలో.

సూర్యావతి లేచి వెళ్ళి బస్తా మీద కూర్చుంది.

"సాబ్, యే బచ్చా నహీఁ హై," అంది. తరవాత కోపం వచ్చి హిందీ జారిపోయింది. "పిల్ల ఏటి బాబూ? ఇది ముసిల్ది! దీని ఈడుకి ఇది పిల్లల్ని కనీసింది! బస్తా ఎత్తితే నన్ను కూడా ఎత్తి బండిలో ఎయ్యండి."

జనం మూగారు. కొందరు నవ్వారు. బేబీ తన కూరలబుట్ట వదిలేసి వచ్చి రెండో బస్తా మీద కూర్చుంది. అధికారి ఇద్దరు ఆడవాళ్ళని ఎత్తించే మనిషి కాడు. పది నిమిషాలు నచ్చజెప్పి చూశాడు. ఆఖరికి, గురువారం కార్యాలయానికి వచ్చి చెప్పుకోవచ్చనీ, తప్పు తేలకపోతే బస్తాలు తిరిగి ఇచ్చేస్తామనీ కాగితం రాసి సంతకం చేసి ఇచ్చాడు. అప్పుడుగానీ సూర్యావతి లేవలేదు. లేచి, రెండు బస్తాల మూతులూ విప్పి, అందరి ముందూ మళ్ళీ బిగించి, తన ముడి వేసింది.

"ఈ ముడి నా సేత్తోనే విప్పాల," అంది.

ఇంటికి వచ్చి చెబితే సింహాద్రికి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. మెషీన్ల మధ్య పనిచేసి చెవులు మందగించాయి. విన్నాక, "పోనీలే. వయసైపోయింది. మానీ," అన్నాడు.

"నీకు సరిగ్గా వినబడ్డాదా? నాను తప్పు చేసినానని అన్నారు. తప్పు చెయ్యకుండా మానీమంతావేటి?"

కూతురు రజనీకుమారి హథ్‌ఖోజ్‌లో ఒక ఇంజనీరింగు యూనిట్లో పనిచేస్తుంది. తయారైన ఇనుప భాగాలు సరైన కొలతలో ఉన్నాయో లేదో చూసే పని. భిలాయిలోనే పుట్టి పెరిగింది, హిందీ గడగడా వస్తుంది, తెలుగు కొంచెం తడుముకుంటుంది. చిన్నప్పుడు టిఫినులో తల్లి నెత్తళ్ళు పెట్టిందని బడిలో ఎవరూ పక్కన కూర్చోక, ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చిన పిల్ల. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

"అమ్మా, ఛోడ్ దో నా, వదిలెయ్. ఆఫీసుకి వెళ్ళి గొడవ ఎందుకు? రెండు బస్తాలే కదా."

"రెండు బస్తాలు పోతే పోనీ. రేప్పొద్దున ఇంకో బస్తా దింపితే దాన్నీ పిల్లలంటారు. నువ్వు సెలవు పెట్టు. నాకు హిందీ సాలదు."

గురువారం ముగ్గురు ఆడవాళ్ళు కార్యాలయానికి వెళ్ళారు. రజని, సూర్యావతి, ఉతై నుంచి మొదటి బస్సులో వచ్చేసిన బేబీ. సూర్యావతి చేతిలో ఒక ఫ్లాస్కు నిండా వేడినీళ్ళూ, ఒక తెల్ల పింగాణీ పళ్ళెమూ ఉన్నాయి. అర్జీ పెట్టినవారు కనుక భుజంగరావుని కూడా పిలిచారు. ఆయన కిటికీ పక్కన నిటారుగా కూర్చున్నాడు.

అధికారి అర్జీ చదివి వినిపించాడు. ఏం చెబుతారని అడిగాడు.

"చేప చిన్నదైనంత మాత్రాన పిల్ల అయిపోదేటి? సీమకి ఎంత వయసొచ్చినా సీమే కదా, ఏనుగవదు. ఈ సంగతి తెలీనోళ్ళు అర్జీలు రాసీడమేటని అడుగు," అంది సూర్యావతి కూతురితో.

రజని హిందీలో, "ఈ చేప పెద్దదైనా ఇంతే ఉంటుందని అమ్మ సవినయంగా చెబుతోంది," అంది.

సూర్యావతికి ఆ మాత్రం హిందీ వచ్చు. "సవినయంగా అని నానెప్పుడన్నాను? నానన్నది అన్నట్టు సెప్పు."

రజని ముఖం ఎర్రబడింది. కిటికీ పక్కన కూర్చున్న పెద్దమనిషికి తెలుగు వచ్చని ఆమెకి తెలుసు. ఆయన అన్నీ విన్నాడు. "అవసరం లేదమ్మా, నాకు అర్థమైంది. ఋజువేమిటి?" అన్నాడు తెలుగులోనే.

"బస్తా తెప్పించండి," అంది సూర్యావతి.

గోదాములోంచి బస్తాలు తెచ్చారు. ఒకటి బాగానే ఉంది. రెండోది తడినేల మీద పెట్టారు, కింద సగం నానిపోయి ముక్కిపోయింది. సూర్యావతి వంగి దాని వాసన చూసి పక్కకి జరిపింది. బాగున్న బస్తా ముడి తనే విప్పింది.

"నాను ఏరితే ఏరి తెచ్చినానంతారు. మీరే తియ్యండి సాబ్. కళ్ళు మూసుకుని తియ్యండి."

అధికారి చెయ్యి పెట్టి పది తీశాడు. ఆవిడ వాటిని పళ్ళెంలో వేసి వేడినీళ్ళు పోసింది. కట్టెల్లా ఉన్న చేపలు మెల్లగా మెత్తబడ్డాయి, వెండిగీత మళ్ళీ మెరిసింది. బొటనవేలి గోరుతో ఒకదాని పొట్ట పొడుగునా చీల్చి పళ్ళెం అంచున విప్పి పెట్టింది. లోపల రెండు పసుపురంగు కడ్డీలు, పుల్లల్లా సన్నగా ఉన్నాయి. గోటితో ఒకదాన్ని నలిపింది. నూకలకన్నా చిన్న గింజలు నీళ్ళలో చెదిరాయి.

"ఇదేటో సెప్పండి."

అధికారి ముందుకి వంగాడు. "గుడ్లు," అన్నాడు నెమ్మదిగా.

"పిల్లకి గుడ్లుంతాయా?"

ఆవిడ రెండోది చీల్చింది, గుడ్లు. మూడోదాంట్లో లేవు. "ఇది మగది," అని అందులో ఉన్న తెల్లటి తీగ చూపించింది. పదింట్లో ఆరింటికి గుడ్లున్నాయి.

అప్పుడు రజని ఎవరూ అడక్కుండానే బ్యాగులోంచి ఉక్కు స్కేలు తీసింది. పనిలో వాడేది. గుడ్లున్న ఆరింటినీ పళ్ళెం పక్కన వరసగా పెట్టి కొలిచి, హిందీలో మొదలుపెట్టింది. ఈసారి గొంతు తగ్గించలేదు.

"అన్నీ ఏడు నుంచి తొమ్మిది సెంటీమీటర్లే. ఏడాది తిరక్కుండానే ఇవి గుడ్లు పెడతాయి. మహా బతికితే రెండేళ్ళు. ఒక్కసారి కాదు, నెలల తరబడి విడతలు విడతలుగా పెడతాయి. ఇదంతా నేను ఫోన్లో చదివాను. మా అమ్మ మాత్రం నా చిన్నప్పటినుంచీ చెబుతోంది, నేనే వినలేదు. మీ చెరువు చేపని చూసి సముద్రం చేపకి వయసు కట్టారు సర్. అదీ జరిగింది."

సూర్యావతి కూతురివైపు తిరిగి చూసింది. హిందీ పూర్తిగా అందకపోయినా ఈసారి సవరించలేదు.

భుజంగరావు లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. కళ్ళజోడు మార్చుకుని పళ్ళెంలోకి చాలాసేపు చూశాడు. తరవాత కర్ర పక్కన పెట్టి, బస్తాలో తనే చెయ్యి పెట్టి కెలికాడు. ఓడిపోయి ఊరుకునే మనిషి కాడు. కాసేపటికి ఒక చేపని బయటికి తీసి ఆవిడ ముందు పెట్టాడు. నెత్తళ్ళకన్నా కొంచెం వెడల్పు, వీపు మీద చుక్కలు.

"మరి ఇదేమిటి?"

రజని తల్లివైపు చూసింది. ఒక్క అబద్ధం చాలు, ఆ గదిలో ఎవరికీ తేడా తెలియదు. సూర్యావతి ఆ చేపని అటూ ఇటూ తిప్పింది.

"ఇది కానాగడత. ఇది పిల్లే బాబూ," అంది. "పెరిగితే మూరలో సగం ఉంతాది. సన్నకన్ను వల ఏసినప్పుడు నెత్తళ్ళతో కలిసి వొచ్చీసింది. ఇది తప్పే. ఒడ్డున ఏరి తీసీమని మా తమ్ముడికి సెప్తానే ఉంతాను. బస్తాకి ఇన్ని దొరుకుతాయి, నాను ఏరి పక్కనెడతాను. మీకు కావాలంటే దీని గురించి అర్జీ రాయండి, నానూ ఏలిముద్ర ఏస్తాను. నెత్తళ్ళ గురించి మాత్రం రాయకండి."

భుజంగరావు ఆ చేపని తీసి పళ్ళెం పక్కన పెట్టాడు. ఆఖరికి అధికారివైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అన్నాడు, పొరపాటు తనదేనన్న అర్థంలో.

"బాబూ," అంది సూర్యావతి. "ఆయనకి కాదు. నాకు సెప్పండి. సంతలో పదిమంది ముందర నన్ను దొంగని చేసినారు."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో భుజంగరావుతో ఆ గొంతుతో మాట్లాడినవాళ్ళు ఎంతమంది ఉంటారో. ఆయన దవడ బిగిసింది. తరవాత సడలింది.

"నేను పొరబడ్డానమ్మా," అన్నాడు తెలుగులో. "నువ్వు... మీరు చెప్పిందే నిజం. కాని ఒకటి. వాసన సంగతి మాత్రం నేను వదలను."

"వదలకండి," అంది ఆవిడ. "నానూ ఆ జాగా వదల్ను."

అధికారి నవ్వు ఆపుకుని, ఇక బస్తాలు తీసుకెళ్ళమన్నాడు. ఆవిడ కదల్లేదు. నోటిమాట రేపు వచ్చే ఇంకో అధికారికి తెలియదు, కాగితం కావాలంది. ఆయన రాశాడు. రజని చదివి వినిపించింది. 'చిన్న చేప' అని రాశాడు.

"చిన్న చేపంటే మళ్ళీ మొదటికే వొస్తాది. పేరు రాయమను."

"హిందీలో దీని పేరేమిటి?" అని ఆయన అడిగాడు.

"నెత్తళ్ళు," అంది సూర్యావతి.

ఆయన ఒక్కొక్క అక్షరం పలికించుకుని హిందీ లిపిలో నెత్తళ్ళు అని రాశాడు. 'పూర్తిగా ఎదిగిన సముద్రపు చేప' అని పక్కన చేర్చి ముద్ర వేశాడు.

తడిసిన బస్తా గురించి అడగమని రజని గొణిగింది. ముక్కిపోయినదాన్ని మనుషులకి అమ్మనని తల్లి తేల్చేసింది. బేబీ మాత్రం దాన్ని చూసి సంబరపడింది. "నాకివ్వు దాయీ, మా పొలానికి ఎరువు," అంది, వాళ్ళ భాషలో అమ్మా అని పిలుస్తూ. ఇద్దరూ బస్తా చెరో కొసా పట్టుకుని ఉతై బస్సు దగ్గరికి మోశారు. కండక్టరు ముక్కు మూసుకుని, ఇది ఎక్కనివ్వనన్నాడు. సూర్యావతి చీరకొంగు బిగించి మెట్టు మీద కాలు పెట్టింది. రెండు నిమిషాల్లో బస్తా బస్సు పైన ఉంది.

ఆ ఆదివారం నేను సంతకి వెళ్ళేసరికి ఆవిడ అదే చోట, అదే పట్టా మీద ఉంది. కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, వెనకనున్న కర్రకి దారంతో కట్టింది. ఆవిడ చదవలేదు, కొనేవాళ్ళు చదువుతున్నారు. రజని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బస్తాలోంచి కానాగడత పిల్లల్ని ఏరి వేరే పెడుతోంది. తమ్ముడికి ఫోను చేసి, ఈసారి ఏరకుండా పంపితే బస్తా తిరుగురైల్లో ఎక్కించేస్తానని సూర్యావతి అప్పటికే చెప్పిందట.

కొత్త కాలనీ నుంచి సంచి పట్టుకుని వచ్చిన ఒకామె దూరంగా నిలబడి, "ఇవి చిన్నపిల్లలు కదూ, పాపం?" అంది.

సూర్యావతి ఒక చేపని తీసి, వేడినీళ్ళ గిన్నె ముందుకి జరుపుకుంది.

"ఇలా రండమ్మా," అంది. "దగ్గరికొచ్చి సూడండి."